ఆట ఎవరిది?

(జనగామ, మానుకోట, భూపాలపల్లి సభల్లో విద్యార్థులు, ఉద్యోగులు, కళాకారుల ముందు మేము చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ కరపత్రం చూసి డిగ్రీ చదివే తమ్ముడొకడు మమ్మల్ని నిలదీసిండు. "అన్నా, అమెరికా నాటకం గురించి జనగామల మాట్లాడుడేంది? మనకు చెప్పుకునేటందుకు మన కథ లేదా?" అన్నడు. మంచి ప్రశ్న. మన కథ ఉన్నది. మస్తుగ ఉన్నది. అయితే ఆ కథను ఎవరు చెప్పిండ్రు, ఎక్కడ చెప్పిండ్రు, ఎవరు ఆపిండ్రు, ఎవరు కూలి ఇచ్చిండ్రు అనే లెక్క మనం ఇంతవరకు సరిగ్గ తీయలేదు. పక్కోని లెక్క చూస్తే మన లెక్క తేటగ కనపడుతది. అందుకే అమెరికా.

రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. సరిగ్గ ఆ తర్వాతి ఐదారేండ్లను తీసుకుందాం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దొర మనుషుల తూటాలకు నేలకొరిగిండు. 1947లో అమెరికా సినిమా రంగంలో కమ్యూనిస్టుల వేట మొదలైంది. 1949 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆర్థర్ మిల్లర్ 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' నాటకం తెర లేచింది. 1951 అక్టోబర్‌లో మన సాయుధ పోరాటం ఆగింది. ఒక దేశం యుద్ధం తర్వాత కడుపు నిండి కూసున్నది. ఒక నేల ఇంకా వెట్టి కింద నలుగుతున్నది. కానీ రెండు చోట్లా ఒకటే ప్రశ్న లేచింది. వేదిక మీద నిలబడి నిజం మాట్లాడే హక్కు ఎవరిది?

మన కథ, పొరుగు వేదిక

జనగామ వాళ్లకు కామారెడ్డిగూడెం షేక్ బందగీ గురించి మేము చెప్పాల్సిన పని లేదు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్లతోని కోర్టులో కొట్లాడి, 1940ల మొదట్లో హత్యకు గురైన సామాన్య రైతు ఆయన. ఆయన పోరాటం ఊపిరిగా 1947లో 'మా భూమి' నాటకం పుట్టింది. రాసింది సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు. ఆడింది ప్రజానాట్యమండలి దళాలు. ఆడింది ఎక్కడ? కృష్ణా, గుంటూరు వంటి జిల్లాల్లో. అంటే మన జనగామ తాలూకా కథను మనకంటే ముందు కోస్తా జనం చూసిండ్రు, ఏడ్చిండ్రు, చందాలిచ్చిండ్రు.

దీన్ని మేము తప్పు పడుతలేము. ఆ రచయితలకు, ఆ నటులకు దండం పెట్టాలె. మన గోసను లోకానికి చాటిండ్రు. కానీ మనం ఎందుకు చూడలేకపోయినం? నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 వంటి హుకుంల కింద సభ పెట్టుకోవాలన్నా ముందు సర్కారును అడగాలె. దొర గడి ముందట దొర మీద నాటకం ఆడే రోజులు కావవి. ఇక మద్రాసు సర్కారైనా ఊకున్నదా? 'మా భూమి'ని నిషేధించింది. నిజాం ఆడనీయలేదు, కాంగ్రెస్ సర్కారు ఆడిన చోట ఆపింది. రెండు ప్రభుత్వాలు ఒక నాటకానికి భయపడినయి!

మరి తెలంగాణ పల్లె ఊకనే కూసున్నదా? లేదు. తెర, లైట్లు, టికెట్టు లేని ఆట మనకు ముందే ఉన్నది. సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులను అందుకున్నడు. భుజాన గొంగడి, చేతిల కట్టె, పక్కన వంతలు. ఒకడు చెప్తడు, ఇంకొకడు అమాయకంగ ప్రశ్న అడుగుతడు, జనం నవ్వుకుంటనే దొర దోపిడీ లెక్క తెలుసుకుంటరు. పిట్టల దొర, ఫకీరు వేషాలను కూడ ఆయన పోరాటానికి వాడుకున్నడు. బుర్రకథ చెప్పిండు, 'వీర తెలంగాణ' యక్షగానం రాసిండు. ఇల్లిల్లు తిరిగి అడుక్కునే వేషమే రాజకీయం చెప్పే వేషమైంది. సామాన్లు మోయాల్సిన అక్కర లేని ఆట అది. పోలీసులు వస్తే ఎత్తుకుపోవడానికి అక్కడ తెర లేదు, కుర్చీ లేదు. ఉన్నది గొంతే.

అమెరికా ఇంటి లోపల

ఇప్పుడు సముద్రం దాటుదాం. యుద్ధం గెలిచిన అమెరికాలో ఇల్లు, కారు, ఫ్రిజ్, తర్వాత టీవీ, అన్నీ వాయిదాల మీద దొరికినయి. కష్టపడితే ఎవడైనా పైకొస్తడు అని పత్రికలు, ప్రకటనలు ఊదరగొట్టినయి. ఆ సమయంలో ఆర్థర్ మిల్లర్ ఒక ముసలి సేల్స్‌మన్‌ను వేదిక మీదికి తెచ్చిండు. పేరు విల్లీ లోమన్, వయసు 63. జీవితమంతా ఒక కంపెనీకి ఊడిగం చేస్తడు. కాళ్లు ఆడని రోజున కొడుకు వయసున్న యజమాని ఆయనను తీసేస్తడు. లెక్కలు వేసుకుంటడు. బతికున్న తనకంటే చచ్చిన తనకే ఎక్కువ ధర పలుకుతదని తెలుస్తది. 20 వేల డాలర్ల బీమా కోసం ప్రాణం తీసుకుంటడు. ఇంటి అప్పు చివరి వాయిదా తీరిన రోజే ఆయన అంత్యక్రియలు. ఆయన పెట్టెలో ఏం సరుకు అమ్మిండో నాటకంలో ఎక్కడా చెప్పరు. అమ్ముకున్నది తననే.

మిత్రులారా, ఈ కథ మనకు కొత్తదా? బోరు ఎండి, పత్తి మీద పెట్టిన అప్పు పెరిగి, పురుగుల మందు తాగిన రైతుల ఇండ్లకు విలేకరులుగా మేము పోయినం. అక్కడ బ్యాంకు కాగితాలు, షావుకారి చిట్టీలు చూసినం. రాష్ట్రం వచ్చినంక 2018లో రైతు బీమా వచ్చింది. రైతు చనిపోతే ఆ ఇంటికి 5 లక్షలు. ఆ ఇంటికి అది ఆసరానే, కాదనం. కానీ బతికున్నప్పుడు పంటకు ధర కట్టని లోకం చచ్చినంక మనిషికి ధర కట్టుడు మీద మనకు ఒక్క పెద్ద నాటకం ఉన్నదా? మిల్లర్ తన దేశం అన్నం తిని కులుకుతున్నప్పుడు ఆ దేశం ముఖం మీద అద్దం పెట్టిండు. ఆ నాటకం మొదటి ఆడింపులోనే 742 ఆటలు ఆడింది. చూసినవాళ్లు మా నాయిన కథ ఇదే అనుకున్నరు. నాటకం సమాజంలో చేయాల్సిన పని అది.

పేర్లు చెప్పు!

అద్దం పెట్టినోని మీద రాజ్యం కన్ను పడకుంట ఉంటదా? అమెరికా పార్లమెంటు కమిటీ ఒకటి కళాకారులను వరుసగా పిలిచింది. 'నువ్వు కమ్యూనిస్టువా? నీతోని మీటింగులకు వచ్చింది ఎవరెవరు? పేర్లు చెప్పు' ఇదే ప్రశ్న. చెప్పినోనికి పని, చెప్పనోనికి జైలో, పస్తో. 'సేల్స్‌మన్' నాటకానికి దర్శకత్వం వహించిన ఎలియా కజానే 1952లో పాత దోస్తుల పేర్లు చెప్పిండు. మిల్లర్ మాత్రం 1953లో 'ది క్రూసిబుల్' రాసిండు. 1692లో సేలం అనే ఊర్లో మంత్రగత్తెల పేరు మీద అమాయకులను ఉరి తీసిన కథ అది. పాత కథ చెప్పి కొత్త పాపాన్ని చూపెట్టిండు. 1956లో ఆయననే కమిటీ పిలిచింది. తన గురించి ఏమైనా చెప్తనన్నడు, పక్కోని పేరు మాత్రం చెప్పనన్నడు. 1957లో ధిక్కార నేరం కింద శిక్ష పడ్డది. 1958లో పైకోర్టు కొట్టేసింది.

ఇదే కాలంలో మన పల్లెల్లో ఏం జరిగింది? 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత సైన్యం, పోలీసులు ఊర్ల మీద పడ్డరు. 'సంగపోళ్లకు బువ్వ పెట్టింది ఎవరు? ఏ ఇంట్ల పన్నరు? పేర్లు చెప్పు.' ఇక్కడ అడిగింది కూడ అదే. అక్కడ మైకుల ముందు అడిగిండ్రు, ఇక్కడ లాఠీలతోని అడిగిండ్రు. అక్కడ పేరు చెప్పని రచయిత మీద పుస్తకాలు వచ్చినయి. ఇక్కడ పేరు చెప్పని అవ్వల పేర్లు మనకే తెలువవు. మా 'క్రూసిబుల్' ఎవరు రాయాలె? జనగామ, మానుకోట కాలేజీల పిల్లలారా, మీ ఊర్లలో ఆ కాలం చూసిన ముసలోళ్లు ఇంకెవరన్నా ఉంటే ఈ వారమే పోయి కూసోండ్రి. ఫోన్‌లో రికార్డు చేయండ్రి.

ఇంకో ముచ్చట. అమెరికాలో సినిమా, రేడియో, టీవీల నుంచి తరిమేసిన కళాకారులకు నాటక రంగమే ఎంతో కొంత నీడనిచ్చింది. సినిమాలు పెద్ద కంపెనీల చేతుల్లో ఉన్నయి, నాటకం అంతగా లేదు. మన దగ్గర తిరకాసు. నాటకాన్ని నిషేధిస్తే ప్రజానాట్యమండలి కళాకారులు మద్రాసు పోయి సినిమాల్లో చేరిండ్రు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య అట్లనే వెండితెర మీదికి పోయిండ్రు. సినిమాకు నటులు దొరికిండ్రు, పల్లె వేదిక బోసిపోయింది. మళ్ల 'మా భూమి' పేరుతోని 1979లో గౌతమ్ ఘోష్ సినిమా తీసే వరకు, బి. నర్సింగరావు దానికి అండగ నిలిచే వరకు, జనగామ కథ మళ్ల పెద్దగ వినపడలేదు. ఆ సినిమాలో గద్దర్ గొంతులో బండి యాదగిరి పాట విన్నప్పుడు గదా, మన ముసలోళ్లు మాదే మాదే అని లేచి నిలబడ్డది!

నాటకమా, జానపదమా?

తెలుగు నాటక చరిత్ర అని పుస్తకం తెరిస్తే ఏముంటది? పద్య నాటకాలు, పరిషత్తులు, 'కన్యాశుల్కం'. మంచివే. కానీ చిందు యక్షగానం ఏ అధ్యాయంలో ఉంటది? ఒగ్గు కథ ఎక్కడుంటది? వెనక 'జానపద కళలు' అనే మూలకు ఉంటది. మన ఆటలను వాకిట్ల నిలబెట్టి, వాళ్ల నాటకాన్ని అర్రలో కూసోబెట్టిండ్రు.

అమెరికాలో నల్లజాతికి జరిగింది సరిగ్గ ఇదే. తెల్లోళ్లు ముఖానికి మసి పూసుకొని నల్లోళ్లను వెక్కిరించే ఆటలు ఏండ్ల తరబడి ఆడిండ్రు. పాల్ రోబ్సన్ 1943లో బ్రాడ్‌వే మీద ఒథెల్లో వేషం కట్టి 296 ఆటలు ఆడితే జనం నీరాజనం పట్టిండ్రు. అదే రోబ్సన్ సమాన హక్కుల గురించి గట్టిగ మాట్లాడినందుకు 1950లో పాస్‌పోర్టు గుంజుకున్నరు. 1958 దాకా ఇయ్యలేదు. వేషం కావాలె, మనిషి వద్దు!

1959 మార్చిలో లొరెయిన్ హాన్స్‌బెర్రీ అనే 28 ఏండ్ల నల్లజాతి ఆడబిడ్డ 'ఎ రెయిజిన్ ఇన్ ది సన్' నాటకంతో బ్రాడ్‌వే తలుపు తెరిచింది. నల్లజాతి మహిళ రాసిన నాటకం అక్కడ ఆడుడు అదే మొదలు. షికాగోలో ఇరుకు గదుల్లో బతికే కుటుంబం. ఇంటి పెద్ద చనిపోతే బీమా డబ్బు 10 వేల డాలర్లు వస్తయి. తల్లి తెల్లోళ్ల వాడలో ఇల్లు కొంటది. ఆ వాడ సంఘం నుంచి ఒకాయన వచ్చి నవ్వుకుంట, మర్యాదగ, పైసలిస్తం మీరు రాకండ్రి అంటడు. మన ఊర్లలో వాడ ఊరి బయట ఎందుకున్నదో తెలిసినోళ్లకు ఈ సీను విడమరిచి చెప్పాల్నా? హాన్స్‌బెర్రీ నాయిన సొంతంగ ఇసొంటి ఇంటి కేసే సుప్రీంకోర్టు దాకా కొట్లాడినోడు. ఆమె తన ఇంటి కథనే దేశం కథ చేసింది.

మరి మన జాంబ పురాణం సంగతేంది? చిందోళ్లు మాదిగ వాడల్లో హక్కుగ ఆడే ఆట. భూమి పుట్టకముందే పుట్టిన జాంబవంతుడు కుల పెద్దరికం మీద బ్రాహ్మణునితో వాదం పెట్టుకుంటడు. ఎవరు ముందు, ఎవరు వెనుక అని నిండు సభలో అడుగుతడు. ఇది నాటకం కాకపోతే మరేది నాటకం? మేము చిన్నప్పుడు తెల్లారేదాకా ఆ బాగోతం చూసినం. అవ్వ ఒడిలో నిద్రపోయి, రాజు వేషం కేక వేస్తే ఉలిక్కిపడి లేచినం. పొద్దుగాల అదే రాజు మా వాకిట్ల గింజలు అడిగిండు. రాత్రి కిరీటం పెట్టుకున్న మనిషి పొద్దున చేతిల సంచి పట్టుకొని ఎందుకు నిలబడ్డడో మాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి వయసొచ్చింది.

ఈ జనగామ గడ్డ మీదనే మాణిక్యపురం చుక్క సత్తయ్య ఒగ్గు డోలును దేశమంతా మోగించిండు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథను కురుమ వాకిట్లకెళ్లి పెద్ద పెద్ద వేదికల దాకా తీసుకపోయిండు. 2017లో కన్ను మూసిండు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానం కళాకారునిగ 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. కానీ ఒక్క పద్మశ్రీతో మేళాలకు మేళాలు బతుకయి. ఇక మానుకోట తండాల సంగతి చెప్పనక్కర లేదు. గిరిజన ఆట, పాట, తీజ్ సంబరం మన రంగస్థల చరిత్రలో ఒక్క పేజీకి నోచుకోలేదు.

రోడ్డే రంగస్థలం

1965లో కాలిఫోర్నియాలో ద్రాక్ష తోటల కూలీలు సమ్మెకు దిగిండ్రు. లూయిస్ వాల్డెజ్ అనే యువకుడు వాళ్లతోనే నాటక దళం పెట్టిండు. పేరు 'ఎల్ తియాత్రో కాంపెసీనో', అంటే రైతుకూలీల రంగస్థలం. లారీ ట్రాలీనే వేదిక. మెడల అట్టముక్క. దాని మీద యజమాని, కూలీ, సమ్మె ద్రోహి అని రాత. ఆడేది కూలోళ్లే, చూసేది కూలోళ్లే.

ఇది విన్నప్పుడు మాకు మన రోజులే యాదికొచ్చినయి. 2002లో కామారెడ్డిల మొదలైన ధూం ధాం ఊరూరు తిరిగింది. అంతకు ముందే, 1999లో, పాట పాడినందుకు భువనగిరి బిడ్డ బెల్లి లలితను ముక్కలు చేసి చంపిండ్రు. ఆ భయం మధ్యనే డప్పు మోగింది. 2011లో మేము చదువుకునే పిల్లలం. రోడ్ల మీద వంటా వార్పు, బతుకమ్మ ఆట, కబడ్డీ. ఆఫీసు కుర్చీలోంచి లేచొచ్చిన ఉద్యోగి గోచి పెట్టి గొంగడి కప్పుకున్నడు. సకల జనుల సమ్మెలో భూపాలపల్లి బొగ్గు బాయిలు నెలకు పైగా మూగబోయినయి. గని టోపీ పెట్టుకున్న కార్మికుడు గేటు ముందు పాట అందుకున్నడు. అప్పుడు ఎవ్వలు నటులు, ఎవ్వలు ప్రేక్షకులు? గీత చెరిగిపోయింది. 2014 జూన్ 2న వచ్చిన రాష్ట్రంలో ఆ ఆటకు వాటా ఉన్నది.

జీతం ఒకచోట, గొంతు ఒకచోట

ఇప్పుడు చేదు మాట చెప్పాలె. చెప్పకపోతే ఈ ప్రసంగం దండుగ.

రాష్ట్రం వచ్చినంక తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టిండ్రు. 550 మంది కళాకారులకు నెల జీతం. మంచి పని. డప్పు కొట్టినోని ఇంట్ల పొయ్యి వెలిగింది. పాడింది ఏంది? ఎక్కువ మటుకు పథకాల పాటలు. పార్టీ మారినా ఈ అలవాటు మారే గుర్తులు లేవు. సర్కారు ఏదైనా దానికి డప్పు కావాలె, ప్రశ్న అక్కర లేదు.

అమెరికా ఈ దారి ముందే నడిచింది. 1935లో నిరుద్యోగం రోజుల్లో ఫెడరల్ థియేటర్ ప్రాజెక్ట్ పెట్టిండ్రు. ఒక దశలో 12 వేల మందికి సర్కారు జీతం. 1937 జూన్ 16న ఉక్కు కార్మికుల సంఘం మీద రాసిన 'ది క్రెడిల్ విల్ రాక్' ఆట మొదలు కావాలె. హాలుకు తాళం పడ్డది. నటులు, జనం కలిసి నడుచుకుంట ఇంకో హాలుకు పోయిండ్రు. వేదిక ఎక్కితే నౌకరి పోతది గదా, అందుకని నటులు ప్రేక్షకుల నడుమ కుర్చీల కాడనే లేచి పాడిండ్రు! 1938లో పార్లమెంటు కమిటీ ఆ ప్రాజెక్టు పెద్ద హాలీ ఫ్లానగన్‌ను పిలిచింది. ఆమె మార్లో పేరు ఎత్తితే, ఆ మార్లో కమ్యూనిస్టా అని ఒక సభ్యుడు అడిగిండు. మార్లో షేక్‌స్పియర్ కాలపు కవి! 1939 జూన్ ఆఖరుకు ప్రాజెక్టునే మూసేసిండ్రు. సర్కారు పైస మీద నిలబడ్డ ఆట సర్కారు ఓటు మీద కూలింది.

యుద్ధం తర్వాత అక్కడి కళాకారులు ఒక పాఠం నేర్చుకున్నరు. బ్రాడ్‌వే అంటే న్యూయార్క్‌లో ఒక వీధి. దేశమంతా ఆ వీధి దిక్కే ఎందుకు చూడాలె అన్నరు. 1947లో మార్గో జోన్స్ డాలస్‌లో, 1950లో ఎరీనా స్టేజ్ వాళ్లు వాషింగ్టన్‌లో సొంత రంగస్థలాలు పెట్టిండ్రు. ఊరికో వేదిక, ఊరి జనమే ప్రేక్షకులు. మనమో? కోస్తా పెత్తనం పోవాలె అని కొట్లాడి, హైదరాబాద్ పెత్తనం కింద కూసున్నం. రవీంద్రభారతిలో తారీకు దొరికితే పండుగ. వరంగల్‌లో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో పునాది రాయి వేస్తే 2024 నవంబర్‌లో తలుపులు తెరుచుకున్నయి. పదేండ్లు!

ఈ మధ్య మేము ఒక సర్కారు సభకు వార్త రాయడానికి పోయినం. చిందు మేళం ఒకటి పొద్దుగాల్నే ముఖానికి రంగులేసుకొని కూసున్నది. పెద్దమనిషి కారు రాలేదు గనుక పది నిమిషాలు ఆడుకోండ్రి అన్నరు. ఆట జోరందుకున్నది. సైరన్ మోగింది. మైకు గుంజుకున్నరు. యుద్ధానికి కత్తి ఎత్తిన వీరుడు ఎత్తిన చేయి ఎత్తినట్టే నిలబడిపోయిండు. ఆయన ముఖం మా కండ్ల ముందటికెళ్లి పోతలేదు. దొర గడి ముందు కూడ ఆట సగంల ఆపి పంపిండ్రేమో గని, అది మన రాజ్యం కాదు. ఇది మనం తెచ్చుకున్న రాజ్యం.

అందుకే మిత్రులారా, మా మాట నాలుగు ముక్కలు. ఒకటి, కళాకారునికి జీతం సర్కారు ఇయ్యాలె, అది ప్రజల సొమ్ము, భిక్ష కాదు. ఏం ఆడాలె, ఏం పాడాలె అనేది మాత్రం కళాకారుడే తేల్చాలె. రెండు, జనగామ, మానుకోట, భూపాలపల్లి 2016లో జిల్లాలైనయి. కలెక్టరేట్లు వచ్చినయి. ప్రతి జిల్లా కేంద్రంలో ఒక ఆట వేదిక కూడ రావాలె. మూడు, ఒగ్గు, చిందు, గొల్ల సుద్దులు బడి పాఠంలో నాటకంగనే చేరాలె, వెనక పేజీల్లో జానపదంగ కాదు. నాలుగోది సర్కారు చేసే పని కాదు, మనం చేసే పని. ఉద్యోగ సంఘాలు, కాలేజీ విద్యార్థులు ఏడాదికి ఒక్క రాత్రి ఒక మేళాన్ని పిలవండ్రి. చందాలు వేసుకోండ్రి. నిండు ఆట ఆడించండ్రి. సైరన్ మోగినా మైకు గుంజకండ్రి.

ఆ తమ్ముడు అడిగిండు గదా, మన కథ లేదా అని. ఉన్నది తమ్మీ. ఎత్తిన చేయి ఎత్తినట్టే ఆగి ఉన్నది. పో, ఆ ఆటను పూర్తి చేయించు.

జై తెలంగాణ!